వాము వాంగ్మూలం

నేను వామును. కర్నూలు నల్లరేగళ్లలో పండి మీ జంతికల్లోనూ బాలింతల కషాయాల్లోనూ పడే గింజను. యాంటీబయాటిక్‌కు బదులని నన్ను బ్రాయిలర్ దాణాలో కలిపి, బరువు రాకపోతే నన్నే ఆడిపోసుకుంటున్నారు. కాబట్టి నా తరఫు వాదన నేనే వినిపించుకుంటాను. నా నూనెలో దాదాపు సగం థైమాల్ అనే ఘాటైన రసాయనమే. దానికోసం మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు నన్ను ఓడలకెత్తి జర్మనీకి పంపేవారు. 1909 నుంచి 1914 దాకా అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొంకిపురుగుల నిర్మూలనకు రాక్‌ఫెల్లర్ కమిషన్ వాడిన మందు కూడా థైమాలే. నూనె తీశాక మిగిలిన పిప్పిని పశువులకు పెట్టేవారు కనుక దాణాలో కలవడం నాకు కొత్తేమీ కాదు. తర్వాత థైమాల్‌ను కార్ఖానాల్లో రసాయనాలతో చేయడం నేర్చుకున్నారు. ఇక నా గొడవ ఎవరికీ పట్టలేదు.

నేను పోపులపెట్టెలో మూలకూర్చున్న కాలంలోనే నా పోటీదారు పుట్టింది. 1940ల చివర అమెరికాలో లెడర్లీ కంపెనీ శాస్త్రవేత్తలు జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీలో మిగిలిన మడ్డిని కోడిపిల్లలకు పెడితే అవి ఏపుగా పెరిగాయి. అక్కణ్నుంచి రోగం లేకున్నా రోజూ చిటికెడు మందు వేయడం రివాజైంది. ఆ చిటికెడుతో క్రిములన్నీ చావవు. తట్టుకున్నవి బతికి, ఆ విద్యను మిగతా క్రిములకూ పంచుతాయి. 1969లో బ్రిటన్‌లో స్వాన్ కమిటీ ఈ సంగతే హెచ్చరించింది. పెరుగుదల కోసం వేసే యాంటీబయాటిక్‌లను స్వీడన్ 1986లో, ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి నిషేధించాయి. మనుషుల ప్రాణాల మీదికొచ్చినప్పుడు ఆఖరి దిక్కైన కొలిస్టిన్‌ను కోళ్లకు వాడకుండా మన దేశం 2019లో ఆపేసింది. అప్పుడు గుర్తొచ్చాను నేను!

థైమాల్ బ్యాక్టీరియా పైపొరలో దూరి దాన్ని చెడగొడుతుంది, లోపలి లవణాలు బయటికి కారిపోతాయి. ‘ఒక ప్రయోగంలో ఫలితం కనిపిస్తే ఇంకోదాంట్లో లేదేం?’ అంటారు. నిజమే. నేలను బట్టి, కోతను బట్టి నా నూనె మారుతుంది, నిలవుంటే ఎగిరిపోతుంది. పూత లేని నూనె పేగు పైభాగంలోనే ఇంకిపోయి, క్లోస్ట్రీడియం అనే బ్యాక్టీరియా తిష్ఠవేసే దిగువ భాగానికి అంతంతమాత్రంగానే చేరుతుంది. అందుకే దానికి కొవ్వు పూత వేస్తున్నారు. ‘మొక్కదే కదా, ఎంత వేస్తే ఏం?’ అనేవారూ ఉన్నారు. ఘాటెక్కువైతే కోడి మేత తగ్గించేయవచ్చు. నాణ్యత కొలవకుండా పొడి కొని, మోతాదు చూడకుండా కలిపితే ఆ తప్పు నాదెలా అవుతుంది?

అసలు ఫిర్యాదు ఇంకొకటుంది. కోళ్లు నీళ్లు తాగే నిపిళ్ల కింద కారిన నీళ్లకు షెడ్డులో పరిచిన ఊక అట్టకడుతుంది. గుప్పెట్లోకి తీసి నొక్కి వదిలితే రాలదు, ముద్దగా ఉండిపోతుంది. అమ్మోనియాకు కళ్లు మండుతాయి. ఆ తడిలోనే కాక్సీడియా అనే పరాన్నజీవి బలపడి పేగును గాయపరుస్తుంది, ఆ గాయంలో క్లోస్ట్రీడియం పెరుగుతుంది. ఇన్నాళ్లూ ఈ నిర్లక్ష్యాన్ని యాంటీబయాటిక్ కప్పిపుచ్చింది. ఇప్పుడు ఆ పని నన్ను చేయమంటున్నారు. నా వల్ల కాదు. డెన్మార్క్‌లో 1998లో బ్రాయిలర్లకు పెరుగుదల మందులు మానేశాక మరణాలు పెరగలేదు. కిలో బరువుకు పట్టే దాణా మాత్రం కాస్త పెరిగింది. అక్కడ కాక్సీడియా మందులు కొనసాగాయన్నది కూడా దాచకూడదు. అంటే యాంటీబయాటిక్ చేసిపెట్టిన మేలు అనుకున్నంత పెద్దది కాదనీ, దాని చోటు నింపడానికి నేనొక్కదాన్నే చాలననీ తేలింది.

‘ఆ కాస్త దాణా ఖర్చు రైతు నెత్తిన పడదా?’ అంటే, పడకూడదు. ఇంటిగ్రేషన్ అనే ఒప్పంద పెంపకంలో కోడిపిల్లలూ దాణా కంపెనీవే, రైతుకు ముట్టేది పెంపకం కూలి. దాణాలో ఏముండాలో తేల్చేవారే ఆ తేడానూ భరించాలి. ఇక కోడికి నిజంగా రోగమొస్తే నన్ను వెతుక్కోకండి, పశువైద్యుణ్ని పిలవండి. ఆ రోజుకు పనిచేసే మందు మిగలాలనే కదా, మిగతా రోజుల్లో నన్ను వాడమంటున్నది!