లోయర్ బెర్తు సాక్ష్యం

(ఆదివారం ఆరాధన ముగిసింది. ఒంగోలులో ఒక చర్చి వరండా. సంఘపెద్ద సాక్ష్యాలరావు, రిటైరైన లెక్కల మాస్టారు సందేహాలరావు, సండే స్కూలు టీచరమ్మ మార్తమ్మ.)

సాక్ష్యాలరావు: ప్రైజ్ ద లార్డ్ మాస్టారూ! వెయిటింగ్ లిస్టులో 12వ నంబరున్న నా టిక్కెట్టు చార్టు పడేసరికి లోయర్ బెర్తయి కూర్చుంది! మొన్నటి వానకు వీధిలో అందరిళ్ళలోకీ నీళ్ళొస్తే, మా గుమ్మం దగ్గర ఆగిపోయాయి. ఇవన్నీ దేవుని కార్యాలు కావూ? వచ్చే ఆదివారం సాక్ష్యానికి పది నిమిషాలు అడిగాను.

సందేహాలరావు: కొంతమంది ప్రయాణం మానుకుంటే మీకు బెర్తు దొరికింది. వాళ్ళలో ఒకరింట్లో చావే జరిగిందేమో, అదీ దేవుని కార్యమేనా? ఇక నీళ్ళంటారా, మీరు రెండడుగులు మెరక వేయించారు, అవి పక్కింటి దారి పట్టాయి. అందుకే అంటాను, దేవుడి కార్యాలన్నీ మన స్వార్థం రాసుకునే పద్దులేనని.

మార్తమ్మ: ఒక లెక్క తప్పిందని గణితమే అబద్ధమంటారా మాస్టారూ? పెద్దయ్యగారి తప్పును సువార్తే దిద్దింది. సిలోయము గోపురం కూలి చచ్చిపోయిన పద్దెనిమిది మందీ మిగతావాళ్ళకంటే పాపులేం కారన్నాడు ప్రభువు. ఎండా వానా మంచివాళ్ళకూ చెడ్డవాళ్ళకూ ఒకేలా ఇచ్చేవాడు తండ్రి అనీ చెప్పాడు. కాబట్టి మన గుమ్మం తడవలేదన్నది ఆయన మన పక్షమనడానికి రుజువు కానేకాదు. మరి ఆయన పని ఎక్కడ చూడాలంటే, మన ఊరి చరిత్రలోనే ఉంది. 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించి కూలి ఇచ్చాడు. అన్నం కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మనకు కంఠతా వచ్చు. అంతకుముందు ఆడిన పలుగూ పారా, సాయంత్రానికి చేతిలో పడ్డ కూలి డబ్బులూ ఎవరికీ గుర్తుండవు. దేవుని పని ఏట్లో ఉందంటే, కాలువలో అంతకుముందే ఉందని ఒప్పుకోవాలి.

సందేహాలరావు: అది సర్కారు కరువు పని, చెమట కూలీలది. మధ్యలో దేవుడెందుకమ్మా?

మార్తమ్మ: చెమట కూలీలదే, డబ్బు సర్కారుదే. కాలువ ఎలా తవ్వారో చెప్పడానికి దేవుడు అక్కర్లేదు. కారణం తెలియని చోటల్లా దేవుణ్ణి ఇరికిస్తే, కారణం తెలిసిన రోజున ఆయన్ని బయటికి పంపాల్సొస్తుంది. కారణాలన్నీ తెలిశాక కూడా, జరిగిన మేలుకు మనం ఆయనకు బాకీపడ్డామని ఒప్పుకోవడమే విశ్వాసం.

సాక్ష్యాలరావు: అంటే అద్భుతాలే లేవంటావా?

మార్తమ్మ: ఉన్నాయి పెద్దయ్యగారూ. పదిమంది కుష్ఠురోగులు బాగుపడ్డారు. తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే, అదీ యూదులు వెలివేసే బాపతు సమరయుడు. అద్భుతం పదిమందికీ జరిగినా, గుర్తుపట్టింది ఆ ఒక్కడే. కనుక పొరుగువాడి నష్టం మీద వచ్చిన లాభానికి దేవుడి పేరు పెట్టకండి. పొరుగువాడి కడుపు నిండితే మాత్రం, అది ఎవరి చేతిమీదుగా నిండినా, దేవుణ్ణి స్తుతించండి.