సీపీయూ జుమ్మనుట: సటీక తాత్పర్యం

అవతారిక

కోలాచల మల్లినాథ సూరి కాళిదాసుకు వ్యాఖ్య రాసేటప్పుడు, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు మనకు కుదరదు. మనకు దొరికిన మూలంలో అక్కర్లేనిదే ఎక్కువ.

స్థలం చిలమత్తూరు. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారినా మబ్బులకు కబురు అందినట్టు లేదు. ఈ సీమలో ఏడాది పొడుగునా కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఒకవైపు హిందూపురం, ఇంకోవైపు కన్నడదేశపు బాగేపల్లి, పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి. ఆ దారిన పోతే బెంగళూరు ఎస్పీ రోడ్డు, అక్కడ సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లు. ఇంతవరకూ దేశకాలాలు.

కర్త ఎవరంటే చెప్పలేం. ఎండలు ముదిరితే చాలు, కంప్యూటర్ల పిచ్చి ఉన్న కుర్రాళ్ల ఫోన్లలో ఈ సంభాషణ ఏదో ఒక రూపంలో మొలుస్తుంది. కాబట్టి దీన్ని అపౌరుషేయంగా భావించాలి.

మూలం

«అన్నా, సీపీయూ ముట్టుకుంటే జుమ్మంటాంది. ఏం చేసేదన్నా?»
«ఆఫ్ చేసి ఆన్ చెయ్ బ్రో.»
«చెప్పులేసుకోని కూచో, ఏం కాదు.»
«ఎర్త్ లేకపోతే న్యూట్రల్‌కే కలిపెయ్‌ప్పా, అయిపాయ.»
«ఎర్త్ గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లాయ?»

ప్రతిపదార్థం

అన్నా = ఓ అన్నా (అడిగేవాడికి యాభై ఏళ్లు, చెప్పేవాడికి పంతొమ్మిదీ అయినా ఇదే సంబోధన); సీపీయూ = టేబుల్ కింది ఇనప పెట్టెను (లోపలి చిప్పు పేరు పెట్టెకు రూఢి అయింది, దాని మీద చర్చ వద్దు); ముట్టుకుంటే = పెన్‌డ్రైవ్ పెట్టబోతూ చెయ్యి తగిలితే; జుమ్మంటాంది = షాక్ కొట్టడం లేదు గానీ చీమలు పాకినట్టుగా ఉన్నది; ఏం చేసేదన్నా = డబ్బు ఖర్చు పెట్టకుండా ఏమి చేయవలెను?

ఇక్కడ ఒక వాక్యం అధ్యాహారం చేసుకోవాలి: «ప్లగ్గు మూడో పిన్ను నేనే విరిచినా.» ప్రశ్న అడిగేవాడు అసలు సంగతి ఎప్పుడూ మూలంలో పెట్టడు. ఇంట్లో బోర్డుకు రెండే రంధ్రాలు, తెచ్చిన వైరుకు మూడు పిన్నులు. కటింగ్ ప్లేయర్ చేతిలో ఉన్నవాడు ఏం చేస్తాడో వేరే చెప్పాలా? ఆ మూడో పిన్ను మిగతా రెంటికన్నా లావుగా, పొడుగ్గా ఉండడం అందం కోసం కాదు. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగలాలి, పీకేటప్పుడు అన్నిటికన్నా చివర విడవాలి. ఎర్త్ అంటే అదే.

మొదటి సలహాపై విచారం

«ఆఫ్ చేసి ఆన్ చెయ్ బ్రో.» ఇది మహావాక్యం. నెట్ రాకపోయినా ఇదే, ప్రింటర్ పలకకపోయినా ఇదే. ప్రస్తుత ప్రకరణంలో మాత్రం దీనికి ప్రవేశం లేదు. గోడ మీది స్విచ్ ఆఫ్ చేస్తే జుమ్మనడం ఆగుతుంది, ఆన్ చేస్తే మళ్లీ మొదలవుతుంది. అయినా ఈ వాక్యానికి ఒక పాఠాంతరం ఉంది గనుక దాటిపోలేం.

కొన్ని ప్రతుల్లో «రీస్టార్ట్ కొట్టు» అని ఉంది. రెండూ ఒకటేనని పూర్వ వ్యాఖ్యాతల మతం. అది విండోస్ 7 నాటి మాట. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది ఒకటి చేరింది. అది పనిచేస్తున్నప్పుడు షట్‌డౌన్ నొక్కితే కంప్యూటర్ మొత్తం ఆరిపోదు. తెరిచిన ప్రోగ్రాములను మూసేసి, కెర్నల్‌ను ఉన్నదున్నట్టుగా డిస్కులో దాచిపెట్టి, మర్నాడు ఆన్ చెయ్యగానే దాన్నే మళ్లీ ఎక్కించుకుంటుంది. డ్రైవర్‌కు నిన్న పట్టిన రోగం ఇవాళా అలాగే ఉంటుంది. రీస్టార్ట్ కొడితేనే మొదటి నుంచీ లేస్తుంది. కనుక స్లో అయిన సిస్టంకు «రీస్టార్ట్ కొట్టు» అనేదే సాధుపాఠం. రోజూ రాత్రి శ్రద్ధగా షట్‌డౌన్ చేసి «అయినా బాగుపడలేదన్నా» అని ఏడ్చేవాళ్లు పాఠభేదం తెలియక చెడినవాళ్లు.

రెండో సలహా

చెప్పులు. రబ్బరు అడ్డం గనుక కాలిగుండా నేలలోకి కరెంటు పోదు, జుమ్మనదు. సత్యమే. కానీ మోచెయ్యి గోడకు ఆనితే? ఇంతకుమించి దీనికి టీక అనవసరం.

మూడో సలహా: దుష్పాఠం

దీన్ని పరిష్కర్తలు తీసిపారేయాలి, తీసిపారేసి కింద ఎర్రసిరా గీత కూడా గీయాలి. న్యూట్రల్ వైరును ఎర్త్ పిన్నుకు కలిపితే జుమ్మనడం చిటికెలో పోతుంది, అందుకే చెప్పినవాడు «అయిపాయ» అన్నాడు. ఎప్పుడైనా వెనకాల స్తంభం దగ్గరో బోర్డులోనో న్యూట్రల్ తెగిందనుకోండి. ఫేజు కరెంటు ఇంట్లో ఆన్‌లో ఉన్న బల్బులోంచో ఫ్యానులోంచో నడిచివచ్చి, పోయే దారి లేక, ఇనప పెట్టె మీద 230 వోల్టులై కూర్చుంటుంది. అప్పుడు జుమ్మనదు. ఎవరికి అయిపాయ అన్నది అప్పుడు తేలుతుంది.

నాలుగోది

మిగతావాళ్లు తమకు తెలిసింది చెప్పారు. ఇతడొక్కడే తిరిగి ప్రశ్న వేశాడు. మూలమంతటికీ ఇదొక్కటే గ్రాహ్యమని మా నిశ్చయం.

అన్వయం చూడండి. పెట్టెలోని పవర్ సప్లైలో ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు ఇనప చట్రానికి కలిపి ఉంటాయి. కరెంటులోని రొదను ఎర్త్‌లోకి దించడం వాటి పని. ఎర్త్ లేకపోతే ఆ 230 వోల్టులనూ రెండూ చెరిసగం పంచుకుంటాయి, చట్రం మీద 115 వోల్టుల దాకా నిలబడుతుంది. పారే కరెంటు మాత్రం మిల్లీఆంపియర్‌లో కొద్ది వంతే. అందుకే టెస్టర్ ఎర్రగా వెలుగుతుంది గానీ మనిషి ఎగిరిపడడు. పెట్టె చెడిపోయి జుమ్మనడం లేదు, బాగుండే జుమ్మంటోంది. చెడిపోయిన నాడు, అంటే లోపల ఫేజు వైరు తొడుగు చిట్లి చట్రానికి తగిలిన నాడు, ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది. ఎర్త్ లేకపోతే ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది, ముట్టుకున్నవాడు పోతాడు.

పిన్ను సరిచేసుకున్నా ఇంకా జుమ్మంటే? అక్కడే ఈ సీమ లక్షణం బయటపడుతుంది. ఎర్త్ గుంతంటే రెండున్నర మీటర్ల ఇనప పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ, పైన నీళ్లు పోయడానికి గరాటు. మట్టిలో తడి ఉంటేనే కరెంటు నేలలోకి దిగుతుంది. ఇక్కడ జానెడు ఎర్రమట్టి, దాని కింద రాయి. వేసవిలో గుంత ఎండిపోతే పైపు ఉన్నా లేనట్టే. పచ్చ వైరు గోడలోంచి చక్కగా దిగివెళ్లి ఎండురాతిని అంటుకుని ఉంటుంది. (పక్కనే లేపాక్షి వీరభద్రాలయంలో అడుగున గుడ్డ దూర్చి లాగగలిగే స్తంభం ఉంది. నేలకు ఆనీ ఆనని ఆ నిర్మాణాన్ని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. చిలమత్తూరులో అలాంటి ఎర్త్‌లు ఇంటింటికీ ఉన్నా చూసే దిక్కు లేదు.)

పరీక్షకు ఎలక్ట్రీషియన్లు ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెడతారు. అది పాతకాలపు వంద వాట్ల గాజు బల్బు కావాలి. దానికి అర ఆంపియర్‌కు కాస్త తక్కువ కరెంటు పారాలి, కాబట్టి ఎండు గుంత మీద మిణుకుమంటుంది. ఎల్ఈడీ బల్బు కొద్దిపాటి కరెంటుకే వెలిగి, దొంగసాక్ష్యం చెబుతుంది. ఈ పరీక్ష ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలని వేరే చెప్పనక్కర్లేదు. మూడో సలహా ఇచ్చినవాణ్ణి మాత్రం పిలవకూడదు.

పూర్వపక్షం

«తాగేదానికే ట్యాంకరు వస్తాంది, బోరు వెయ్యడుగులు పోయినా దుమ్మే లేస్తాంది. గుంతకేడ పోసేదన్నా?»

సమంజసమైన ఆక్షేపణే. ఉప్పు దండిగా వేస్తే నీళ్లు తక్కువైనా చాలునని కొందరంటారు. అప్పటికి చాలుతుంది, తర్వాత ఆ ఉప్పే పైపును తినేస్తుంది. తడిని చాలాకాలం పట్టి ఉంచే బెంటోనైట్ మట్టి నింపడం మేలని ఇంకొందరి మతం. అది కొనాలి, «ఖర్చు లేకుండా» అన్న ప్రతిపదార్థానికి విరుద్ధం.

దీనికి నాలుగోవాడే సమాధానం రాశాడు: «ఆర్వో ప్లాంటోళ్లు పారబోసేవి ఉండాయి గదా.»

ఫ్లోరైడ్ నీళ్ల సీమ కాబట్టి ఆర్వో ప్లాంటు లేని ఊరు ఇక్కడ అరుదు. మంచినీళ్లు క్యాన్లలోకి పోగా, విడిచిన లవణాలన్నీ చేరి చిక్కబడిన నీళ్లు కాలవలోకి పోతాయి. తాగడానికీ చెట్లకూ పనికిరావు. గుంతను తడపడానికి మాత్రం దివ్యంగా ఉంటాయి, ఉప్పదనం ఉంది కాబట్టి కరెంటు ఇంకా బాగా దిగుతుంది. పైపు తుప్పు మాట అప్పుడప్పుడూ చూసుకోవాలి. ఎండాకాలంలో వారానికో బిందె చాలు.

బిందె ఎవరు మోయాలన్నది మూలంలో లేదు. నాలుగోవాడి ఆర్వో మాట తర్వాత ఒకడు బొటనవేలు బొమ్మ పెట్టాడు, ఇంకొకడు అసలు ఏ గేమ్ ఆడుతున్నావని అడిగాడు.