రొయ్యకు డీఓ, రైతుకు గ్యాసు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట నుంచి మైపాడు దాకా రొయ్యల గుంట ఉన్న ఏ రైతునైనా తెల్లవారుజామున 3 గంటలకు లేపి అడగండి, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) ఎంతుందో ఠక్కున చెబుతాడు. అసలు లేపే పనే ఉండదు, ఆ వేళకు ఆయన టార్చిలైటుతో గట్టు మీదే ఉంటాడు. ఎండ లేనప్పుడు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వకపోగా, ఉన్నదాంట్లోనే రొయ్యతో వాటాకొస్తుంది. డీఓ 4 కిందికి జారితే గుండెదడ, ఇంకా జారితే రొయ్య పైకి తేలుతుంది, రొయ్య తేలితే అప్పులవాడు గడప ఎక్కుతాడు. అందుకే ఏరియేటర్లు తిప్పుతారు, కరెంటు పోతే జనరేటరు వేస్తారు. రొయ్యపిల్లల సీడు దించేముందు పీసీఆర్ టెస్టు చేయిస్తారు. నీళ్లను సీసాలో పట్టి ల్యాబుకు పంపుతారు. వేలెడంత జీవి ఊపిరి మీద ఇంత శ్రద్ధ పెట్టిన తీరం ఇంకోటి ఉంటుందని నేననుకోను.

అదే రైతు ఇంటికొచ్చి మంచమెక్కాక ఏం జరుగుతుందో చూడండి. గురక మొదలవుతుంది. పెరుగుతుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఇంకాసేపు. ఛాతీ ఎగురుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. తర్వాత నీళ్లలోంచి తల పైకెత్తినవాడిలా ఒక్క గుక్క తీసుకుని మళ్లీ గురకలో పడతాడు. ఇలా రాత్రంతా. ఇక్కడ టార్చిలైటు పట్టుకుని పరిగెత్తేవాళ్లు లేరు. ఏరియేటరూ లేదు. మర్నాడు టీ బంకు దగ్గర మాత్రం తీర్పు సిద్ధంగా ఉంటుంది: "ఆయనకేందబ్బా, కడుపునిండా తింటాడు, ఆదమరిచి నిద్రపోతాడు. రాత్రి మా ఇంటిదాకా ఇనిపించింది గదా!"

గురక అంటే గాఢనిద్ర అనే ఈ సిద్ధాంతాన్ని ఎవరు కనిపెట్టారో గానీ, పెళ్లిచూపుల్లో అది గుణగణాల కింద కూడా చెల్లుబాటవుతోంది. "పిల్లోడు పడుకుంటే ఒళ్లు తెలీదు" అంటారు పెద్దమనుషులు. తెలిసేది పాపం ఆ పిల్లకు, పెళ్లయ్యాక. ఈ జబ్బుకు ఉన్న ఏకైక ప్రత్యక్ష సాక్షి భార్యే. ఆమెను అడిగితే ఇంకో మాట చెబుతుంది: గురకకు అలవాటు పడిపోయానని, అది ఆగిపోయినప్పుడే భయమేస్తుందని, భుజం పట్టుకుని కుదుపుతానని. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలిదారి మూసుకుపోవడాన్ని డాక్టర్లు స్లీప్ ఆప్నియా అంటారు. గంటకు 5 సార్లు దాటి ఊపిరి ఆగినా సగం తెగినా లెక్కలోకి వస్తుంది, 30 దాటితే తీవ్రమైనది. ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడుతుంది, మెదడు ఉలిక్కిపడి అరక్షణం లేపుతుంది, పడుకున్నవాడికి మాత్రం ఏమీ గుర్తుండదు. పొద్దున లేచేసరికి తలనొప్పి, పిడచకట్టిన నోరు. రాత్రి నాలుగైదుసార్లు ఒంటేలుకు లేచాడంటే షుగరనుకుంటారు. షుగరు లేదని తేలితే వయసనుకుంటారు.

పగలు జరిగేదానికి మా ఊళ్లో వేరే పేరుంది. సీసాలో నీళ్లు పట్టుకుని ల్యాబుకు పోయినవాడు అక్కడి బెంచీ మీదే కునుకు తీస్తే "సోమరి". పంచాయితీలో కూర్చుని గుర్రు పెడితే "పెద్దరికం". నెల్లూరు నుంచి మోటారు సైకిలు మీద వస్తూ కల్వర్టును గుద్దుకుంటే "టైం బాగలేదు". హైవే మీద లారీ తెల్లవారుజామున డివైడరెక్కితే పేపర్లో "డ్రైవరు నిద్రమత్తు" అని రెండు లైన్లు పడతాయి. ఆ మత్తు ఎక్కడి నుంచి వచ్చిందని ఇంకో లైను రాసిన పేపరును నేను చూడలేదు.

బప్పి లహరి గుర్తున్నాడా? 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్', 'రౌడీ అల్లుడు' పాటలకు మన ఊళ్ల తిరునాళ్లలో ఎగరని కుర్రాడు లేడు. 2022 ఫిబ్రవరిలో ముంబైలో ఆయన పోయినప్పుడు, వేరే జబ్బులతోపాటు ఈ నిద్రలో ఊపిరాగే జబ్బే కారణమని ఆసుపత్రి డాక్టర్లు చెప్పారు. ఒంటి మీది బంగారం గురించి వారంరోజులు మాట్లాడుకున్నాం. గొంతులో ఏమైందో మాట్లాడుకోలేదు.

ఇక ఆయాసం సంగతి. ఇక్కడి టీ బంకు వైద్యశాస్త్రంలో ఆయాసానికి మూడే కారణాలు: గ్యాసు, వయసు, దిష్టి. నాలుగోది లేదు. మెట్లెక్కితే రొప్పు వస్తోందంటే గ్యాసు మాత్ర. వెల్లకిలా పడుకోలేకపోతున్నానంటే ఇంకో దిండు. రెండు దిండ్లూ చాలక మూడో దిండు వేసుకుని, చివరికి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయే పెద్దాయన్ని చూసి "పాపం, కూర్చునే ధ్యానం చేస్తాడు" అన్నవాళ్లున్నారు. పాదాలు వాస్తే ఉప్పునీళ్ల గాలి. ఈ మూడూ, అంటే పడుకుంటే ఆయాసం, కూర్చుంటే తెరిపి, సాయంత్రానికి పాదాల వాపు, ఒకేచోట కనిపిస్తే గుండె సరిగా పంపు చేయడం లేదని అనుమానించాలి. అది గ్యాసుమాత్రకు లొంగేది కాదు. అరగంటలో ఈసీజీ, ఆ పైన ఎకో తీస్తే గుట్టు బయటపడుతుంది. దిండ్లమ్మే వాడికి తప్ప ఆలస్యం వల్ల ఎవరికీ లాభం లేదు.

దగ్గు దగ్గరికొచ్చేసరికి మా వాళ్లకు సముద్రం అడ్డొస్తుంది. "మైపాడు గాలి పీల్చేవాళ్లకి ఊపిరితిత్తుల జబ్బేంది సామీ" అంటారు, బీడీ ఆ పక్కనుంచి ఈ పక్కకు మార్చుకుంటూ. సముద్రపు గాలి మంచిదే. ఆ గాలి బీడీ కట్టలోకి దూరి మసి కడగదు. ఇరవై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదిన అత్తమ్మల వంటింట్లోకీ అంతగా రాదు. వాళ్లలో ఒక్కరూ బీడీ ముట్టి ఉండరు, ఊపిరితిత్తులు మాత్రం బీడీ తాగినవాడివంత పాడైపోయి ఉంటాయి. రెండు వారాలు దాటిన దగ్గును "పొగ దగ్గులే" అని వదిలేస్తే, అది పొగ దగ్గో, టీబీనో, ఇంకా పెద్దదో చెప్పేదెవరు? సాయంత్రంపూట జ్వరం, రాత్రి చెమటలు, బెల్టుకు కొత్త బెజ్జం కొట్టాల్సినంతగా బరువు తగ్గడం, కళ్లెలో నెత్తురు చార: వీటిలో ఏ ఒక్కటి తోడైనా ఇక వారాలు లెక్కపెట్టకూడదు. కళ్లె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. టీబీ అని తేలితే మందులు ఉచితం, మామూలు టీబీకి ఆరు నెలలు వాడితే చాలు. తిండికి నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు కూడా. రొయ్యపిల్లకు పీసీఆర్ చేయించడానికి చేతి డబ్బులు పెట్టేవాడు, తన కళ్లె డబ్బాలో ఉమ్మి ఊరికే ఇచ్చి రావడానికి మాత్రం సిగ్గుపడతాడు.

ఇన్‌హేలర్ మీద ఉన్న భయం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. "అది మొదలుపెడితే అలవాటైపోద్దంట." ముప్పై ఏళ్లుగా రోజుకో బీడీ కట్ట తాగే మనిషి అన్న మాట ఇది. పీల్చే మందు కొద్ది మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది, అందుకే మాత్రకంటే, ఇంజెక్షన్ కంటే ఇబ్బంది తక్కువ. కానీ దాన్ని నలుగురిలో తీస్తే పరువు పోతుందట. ఆయాసంతో నోరు తెరిచి రొప్పితే పోని పరువు!

మందులకు మేము వ్యతిరేకులం కాము, అది కూడా చెప్పాలి. క్యూ పొడుగ్గా ఉంటే ఏ మందునైనా తీసుకుంటాం. 2021 మే నెల ఎవరూ మర్చిపోయి ఉండరు. మాకు దక్షిణాన, పోర్టు ఉన్న కృష్ణపట్నంలో ఆనందయ్య గారి కరోనా మందుకోసం రాష్ట్రాలు దాటి జనం వచ్చారు, అంబులెన్సుల్లో ఆక్సిజన్ పెట్టుకుని మరీ వచ్చారు. కంట్లో చుక్కలు వేస్తే నిమిషాల్లో ఆక్సిజన్ పెరుగుతుందన్నారు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లాల్సిన గాలి కంట్లోంచి ఏ దారిన పోతుందని అడిగినవాణ్ణి ఊరిద్రోహిని చేశారు. ఆ చుక్కలతో లేచి కూర్చున్నానని వీడియోలో చెప్పిన పెద్దాయన ఆ నెలాఖరుకే నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో చనిపోయారు. మే 31న ప్రభుత్వం కొన్ని మందులకు అనుమతిస్తూ కంటి చుక్కలను పక్కన పెట్టింది. ఆ వీడియో చేరినన్ని ఫోన్లకు ఈ వార్త చేరలేదు.

హైదరాబాదు వాళ్లు మాకేం తీసిపోలేదు. మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని కుటుంబం బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపు ముద్ద పెట్టి, ఉబ్బసం ఉన్నవాడి గొంతులో వేస్తుంది. 1845 నుంచి సాగుతోందని చెబుతారు. హేతువాదులు నిలదీశాక "చేప మందు" కాస్తా "చేప ప్రసాదం" అయింది. పేరు మారాక నిరూపించాల్సిన బాధ తప్పింది, ప్రసాదాన్ని ఎవరు పరీక్షకు పంపుతారు? ఉచితంగా ఇస్తున్నారు కదా, నమ్మకం కదా అంటారు. నిజమే. చేపను మింగినందుకు నాకు కోపం లేదు. చేప మింగాను కదా అని చేతిలో ఉన్న ఇన్‌హేలర్‌ను అటకెక్కించినప్పుడే నాకూ వాళ్లకూ తగువు.

"గాంధీగారంతటి వాడే ప్రకృతి వైద్యం చేసుకున్నాడు" అని పల్లిపాడు ఆశ్రమం వైపు చెయ్యి చూపించేవాళ్లూ ఉన్నారు. మా మండలంలోనే, పెన్న ఒడ్డున, 1921 ఏప్రిల్‌లో ఆయన చేతులమీదుగా మొదలైన ఆశ్రమం అది. ఆసుపత్రులను ఆయన 1909లో 'హింద్ స్వరాజ్'లో దుమ్మెత్తిపోసిన మాటా నిజమే. కానీ 1924 జనవరిలో, జైల్లో ఉండగా అపెండిసైటిస్ ముదిరితే, పుణె ససూన్ ఆసుపత్రిలో కల్నల్ మ్యాడక్ అనే ఇంగ్లీషు డాక్టరు కత్తికింద పడుకున్నారు. మధ్యలో కరెంటు పోతే లాంతరు వెలుగులో కోత ముగించారు. తెల్లదొరతో పేచీ పడ్డ మనిషి తెల్లదొర చేత పొట్ట కోయించుకోగా లేనిది, మన గ్యాసుమాత్రల వీరులకు నెల్లూరు పెద్దాసుపత్రి దాకా పోవడానికి ఏం అడ్డొచ్చింది?

అడ్డొచ్చేది ఒకటుంది, దాన్ని ఎగతాళి చేయను. "పోతే లేనిపోని టెస్టులు రాస్తారు" అనే భయం గాల్లోంచి ఊడిపడింది కాదు. జ్వరానికి పోయినవాడి చేతిలో సంచెడు రిపోర్టులు పెట్టి పంపే చోట్లున్నాయి. నిద్ర పరీక్షకు వేలవుతాయి, ముక్కుకు తగిలించుకునే సీప్యాప్ మిషనుకు పదుల వేలల్లో అవుతుంది. ఒక రొయ్యల పంట పోయినవాడికి అది చిన్నమాట కాదు. అయితే మొదటి మెట్టుకు రూపాయి ఖర్చు లేదు. రాత్రి గురకను, మధ్యలో వచ్చే ఆ నిశ్శబ్దాన్ని భార్యో కొడుకో రెండు నిమిషాలు ఫోన్లో తీసి డాక్టరుకు చూపించవచ్చు. బరువు తగ్గితే, పక్కకు తిరిగి పడుకుంటే, రాత్రి తాగుడు మానేస్తే చాలామందికి గురక తగ్గుతుంది. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్ర మాత్రం ఈ జబ్బున్నవాడికి పగ. అది గొంతును ఇంకా సడలిస్తుంది.

కరోనాలో కొన్న ఆక్సీమీటరు బీరువాలో ఎక్కడో ఉంటుంది. బ్యాటరీ మార్చండి. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు 94 కంటే తక్కువ చూపిస్తూ ఉంటే ఆరోజే డాక్టరుకు చూపించండి. 90 కంటే తగ్గితే బంధువుల సలహా కోసం ఆగకండి. అది 95 చూపించినా సరే, మనిషి ఒక వాక్యం పూర్తిచేయలేక మధ్యలో ఆగి ఊపిరి తీస్తుంటే, పెదాలు నీలంగా మారుతుంటే, ఛాతీలో బిగింపు ఉంటే, మగతగా మాట తడబడుతుంటే అంకెను కాదు మనిషిని చూడండి. చంటిపిల్లల విషయంలో అసలు ఆగకండి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతుంటే అది న్యుమోనియా కావచ్చు. రెండు నెలలు నిండిన, ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఏడాది నుంచి ఐదేళ్ల బిడ్డ 40 సార్లు దాటి ఊపిరి తీస్తున్నా అంతే. పొట్ట మీద వాత పెట్టించడానికి తీసుకెళ్లే ఆటోనే ఆసుపత్రి వైపు తిప్పండి. ఆటో దొరక్కపోతే 108కి చేయండి, ఏ వేళైనా వస్తుంది, డబ్బులు అడగదు.