పట్టుగుడ్డ గొంతు

నేను ట్వీటర్‌ని. స్పీకరు పెట్టెలో పెద్ద కోను నెత్తిమీద పాత రూపాయి బిళ్లంత బుడిపె ఒకటి కనిపిస్తుందే, అదే నేను. అడ్డం 25 మిల్లీమీటర్లు. ఒళ్లు పట్టుగుడ్డ. ధర్మవరం చీరతో నా చుట్టరికం పట్టుపురుగు దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. అంచూ లేదు, జరీ లేదు. గుడ్డను గోపురంలా అచ్చులో ఒత్తి, పైన జిగురు పూత పూశారు. వెనక సన్నటి తీగచుట్ట, దాని చుట్టూ అయస్కాంతం.

మా పెట్టెలో 2,500 హెర్ట్జ్‌కి కింది పని పెద్ద కోనుది, ఆపైది నాది. మువ్వల గలగల, తాళం ఆగాక గాలిలో మిగిలే సన్నటి మోత, పాటలో సకార శకారాలు నా నోటివే.

హైదరాబాదులో ఈ ఇంటికొచ్చిన కొత్తల్లో మా బుజ్జిగాడు వేలితో నొక్కితే సొట్టపడ్డాను. అయ్యగారు టేపు అంటించి మెల్లగా లాగితే తిరిగి లేచాను. పట్టు జాతికి ఆ సుగుణం ఉంది. కానీ పదేళ్లకు జబ్బు చేసింది. నా తీగచుట్ట కదిలే సందులో అయస్కాంతానికి అతుక్కునే ఒక నూనె ఉంటుంది. 1963లో నాసాలో స్టీవ్ పాపెల్ రాకెట్ ఇంధనం కోసమని తయారుచేసిన ద్రవం జాతిది. నాలో దాని పని వేడిని లాగెయ్యడం. అది ఎండి చిక్కబడేసరికి మువ్వలు మూటలో కట్టినట్టు మోగాయి.

“పట్టుకి ఇంతకన్నా రాదులే” అని అయ్యగారు నా పుట్టుకనే తప్పుపట్టారు.

పక్కనే ఉన్న బావమరిది ఆజ్యం పోశాడు. “అందుకే బావా, మొన్న నేను బెరీలియం కొన్నాను!”

కోఠి గుజరాతీ గల్లీలో ఒక మెకానిక్ నన్ను విప్పి, ఎండిన జిడ్డు తుడిచి, నాలుగు చుక్కల కొత్త నూనె వేశాడు. గొంతు తిరిగొచ్చింది. అయినా అయ్యగారి మనసులో బెరీలియం దిగిపోయింది.

ఆ లోహం వంశం గొప్పదే, కాదనను. 1974లోనే యమహా ఎన్‌ఎస్-1000లో బెరీలియం గోపురాలు పెట్టారు. 2005లో బవర్స్ అండ్ విల్కిన్స్ వజ్రంతోనే చేసింది. తేలిగ్గా, బిగువుగా ఉండే పదార్థానికి లాభమేమిటంటే, వేగం పెరిగినా గోపురం మొత్తం ఒక్క ముక్కగా కదులుతుంది. అల్యూమినియం గోపురం సుమారు 30,000 హెర్ట్జ్ దగ్గర గంటలా ఖంగుమంటుంది. వజ్రం 70,000 దాకా తట్టుకుంటుంది. నేనైతే చాలా ముందే వంకర్లు పోతాను, కానీ నా పూత ఆ వణుకును మింగేస్తుంది. మనిషి చెవి 20,000 దగ్గర తలుపు వేసుకుంటుంది, అదీ చిన్నతనంలో. అయ్యగారికి యాభై తొమ్మిది. ఆయన తలుపు 12,000 దగ్గరే పడిపోయింది. ఇక ఆ గంట మోగితే ఎవరికి, మోగకపోతే ఎవరికి?

ఇంకో మాట. శబ్దం గదిలో ఎంత వెడల్పున పరుచుకుంటుందన్నది గోపురం కొలతను బట్టి, దాని చుట్టూ ఉన్న పలక ఆకారాన్ని బట్టి ఉంటుంది. 13,700 హెర్ట్జ్ దగ్గర అల పొడవు సరిగ్గా నా అడ్డమంత. ఆపైన పట్టయినా వజ్రమైనా ఎదురుగా కూర్చున్నవాడికే పాడుతుంది. పెద్ద కోను పని ఎక్కడ ఆపి నాకు అప్పజెప్పాలో చూసే క్రాసోవర్ పొరపడితే, బంగారంతో చేసినా గొంతు చెడుతుంది.

సంక్రాంతికి బావమరిది తన స్పీకర్లు మోసుకొచ్చాడు. అయ్యగారి అమ్మాయి రెండు జతల ముందూ దుప్పటి కట్టింది. “ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా అదే బాగుందనిపిస్తుంది మావయ్యా” అంటూ ఫోను పెట్టి మోత సమానం చేసింది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ ఇలాగే చూపిస్తూ ఒకసారి, చూపించకుండా ఒకసారి వినిపిస్తే, స్పీకర్లకు పడిన మార్కులు మారిపోయాయని కూడా చెప్పింది. తర్వాత మాండలిన్ శ్రీనివాస్ కచేరీ పెట్టింది.

పెట్టెలు వేరు, క్రాసోవర్లు వేరు. కాబట్టి ఇది అచ్చంగా పట్టుకీ బెరీలియానికీ పోటీ కాదు, ఒప్పుకుంటాను. అయినా బావమరిది పదిసార్లు విని, మీటు బాగా తెలిసినప్పుడల్లా “ఇదిగో, ఇది నాదే!” అన్నాడు. అందులో ఆరుసార్లు మోగింది నేను.

అమ్మాయి దుప్పటి తీసింది. లెక్క చూసి అతను కాసేపు మాట్లాడలేదు. తన స్పీకరు దగ్గరికెళ్లి, జాలీ వెనక మెరుస్తున్న గోపురాన్ని తేరిపార చూశాడు.

“ఇప్పుడు పెట్టమ్మా,” అన్నాడు. పెట్టింది. కళ్లు మూసుకోకుండానే తల ఊపాడు. “ఆఁ, ఇప్పుడు తెలుస్తోంది తేడా!”