పాడైన చోటే వెతకండి

ఆరిజోనాలోని ఫీనిక్స్‌లో ఎండ 43 డిగ్రీలు దాటిందంటే చాండ్లర్, గిల్బర్ట్‌లలోని మన తెలుగు కుటుంబాలు కారులో టెంటు పడేసుకుని ఫ్లాగ్‌స్టాఫ్ దారి పడతాయి. రెండున్నర గంటల్లో ఏడు వేల అడుగుల ఎత్తు, పాండెరోసా పైన్ చెట్లు, చల్లగాలి. అక్కడి కొకొనీనో నేషనల్ ఫారెస్ట్‌లో చాలాచోట్ల బుకింగ్ లేకుండా, డబ్బు కట్టకుండా టెంటు వేసుకోవచ్చు. దీన్ని డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. కుళాయి, టాయిలెట్, చెత్తబుట్ట ఏవీ ఉండవు. 30 రోజుల్లో 14 రోజులకు మించి ఉండకూడదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పే మాటలు తలకిందులుగా వినిపిస్తాయి. అయినా అవే చెబుతాను.

అందమైన చోటు కనబడితే ఆగకండి. పచ్చగడ్డి, అడవిపూలు, మనిషి అడుగు పడని మెత్తని నేల చూసి మనసు లాగుతుంది. లాగనివ్వండి, కారు మాత్రం ముందుకు పోనివ్వండి. మీకు కావాల్సింది ఇదివరకే పాడైన చోటు. పైన్ ఆకులు చెదిరి మట్టి తేలి, తొక్కి తొక్కి నేల గట్టిపడి, మధ్యలో మసిబారిన రాళ్ళ వలయం ఉన్న చోటు. అక్కడ మీరు కొత్తగా చెడగొట్టేది ఏమీ ఉండదు. పచ్చికలో ఒక్కరాత్రి పడుకుంటే మీ టైరు జాడ పట్టుకుని వచ్చేవారం ఇంకో కారు వస్తుంది, ఆ పైవారం మూడు వస్తాయి. అలా నేల బోడిబారినాకే ఆంక్షలు మొదలవుతాయి. సెడోనా పడమటి వైపు కొన్నిచోట్ల ఇప్పుడు గుర్తుపెట్టిన స్థలాల్లో తప్ప టెంటు వేయనివ్వరు.

నీళ్ళకు దూరంగా జరగండి. చెరువు గట్టున పడుకోవాలని పిల్లలు మారాం చేస్తారు. ఈ పొడి అడవిలో ఆవుల కోసం తవ్విన చిన్న గుంటల దగ్గరికే ఎల్క్‌లు, జింకలు కూడా రాత్రి దాహానికి వస్తాయి. గట్టు మీద మనుషులుంటే చీకట్లో కొంతసేపు నిలబడి వెనక్కి పోతాయి. చుట్టుపక్కల వాటికి అందే నీరు అదొక్కటే అయితే, దానికి పావు మైలు లోపు క్యాంప్ వేసి అడ్డుకోవడం ఆరిజోనా చట్టం ప్రకారం నేరం. వాగుల దగ్గరైతే కనీసం 200 అడుగులు, అంటే పెద్దవాళ్ళ నడకలో 70 అంగలు, దూరం ఉండండి. మలవిసర్జనకూ అంతే దూరం. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంట తవ్వి పూడ్చాలి. చెంబు అలవాటున్న మనకు కాగితం మూటగట్టి తెచ్చే పని తప్పుతుంది.

రంగుల యాప్‌ను పక్కనపెట్టి, చూడ్డానికి ఏమీ బాగుండని నలుపు తెలుపు మ్యాప్ నమ్మండి. ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇచ్చే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ అది. అందులో లేని రోడ్డు, కళ్ళెదుట ఎంత చక్కగా కనిపించినా, కారుకు మూసేసినట్టే. రోడ్డు పక్కన చుక్కలుంటే టెంటు కోసం 300 అడుగుల దాకా కారు లోపలికి తీసుకెళ్ళవచ్చు. చుక్కలు లేకపోతే కారు రోడ్డు పక్కనే ఆపి సామాను మోసుకెళ్ళండి. ముందే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోండి, లోపల సిగ్నల్ అందదు.

ఇక మంట. క్యాంప్ అంటే మంటే అనుకునేవాళ్ళకు నా మాట రుచించదు. వెలిగించకండి. 2010 జూన్ 20న ఫ్లాగ్‌స్టాఫ్ ఉత్తరాన ఎవరో ఆర్పకుండా వదిలేసిన క్యాంప్ మంట షుల్ట్జ్ కార్చిచ్చు అయింది. 15 వేల ఎకరాలు కాలాయి. సరిగ్గా నెలకు, జూలై 20న వాన పడింది. బాగా కాలిన మట్టి నీటిని పీల్చదు. వరద కొండ దిగి ఊళ్ళ మీద పడింది. 12 ఏళ్ళ పాప కొట్టుకుపోయింది. ఆ రాళ్ళ వలయం చుట్టూ కూర్చున్నవాళ్ళు వానాకాలం దాకా ఆలోచించి ఉండరు.

మే, జూన్‌లలో ఆంక్షలు దశలవారీగా వస్తాయి. మొదటి దశలోనే డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ చోట్ల కట్టెల మంట నిషిద్ధం, నాబ్ తిప్పి ఆర్పగలిగే గ్యాస్ స్టవ్వుకు అనుమతి. 2021 జూన్‌లో అడవి మొత్తాన్నే మూసేశారు. అనుమతి ఉన్న రోజుల్లో వెలిగించి తీరాలనుకుంటే, ఆర్పడం మాత్రం ఇలా: పైన బూడిద చల్లగా, తెల్లగా ఉంటుంది. పారతో కదిపితే రెండు అంగుళాల కింద ఎర్రటి నిప్పు కళ్ళు తెరుస్తుంది. నీళ్ళు పోసి, మట్టితో కలియబెట్టి, మళ్ళీ పోసి, చేతి వెనకవైపు ఆనించి చూడండి. వెచ్చగా తగిలితే మళ్ళీ మొదటినుంచి.

ఎండలు మండే జూన్ కన్నా వానలు పడే ఆగస్టు మేలు. ఆంక్షలు చాలావరకు సడలి ఉంటాయి, జనం పలచబడతారు. మధ్యాహ్నం పిడుగులు పడతాయి కనుక ఎత్తైన బయళ్ళలో ఉండకండి. అంత ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో అన్నం పలుకు వదలదు. చిన్న కుక్కర్ పట్టుకెళ్ళండి, లేదా పులిహోర కలుపుకుని వెళ్ళండి.

బయలుదేరే ముందు రేంజర్ స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ రోజు ఏ దశ నడుస్తోందో అడగండి. మ్యాప్‌లో మూడు రోడ్లు గుర్తుపెట్టుకుని మధ్యాహ్నం మూడింటికల్లా చేరండి. మూడింట్లోనూ చోటు దొరక్కపోతే చీకటి పడకముందే డబ్బు కట్టే క్యాంప్‌గ్రౌండ్‌కో, ఊళ్ళో మోటెల్‌కో వెళ్ళిపోండి. చీకట్లో హెడ్‌లైట్ల వెలుగున నాలుగో చోటు వెతికేవాళ్ళే పచ్చికలోకి కారు తోలేది.