జీతం తప్ప అన్నీ వార్తలే

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల ‘సిబ్బంది వార్తలు’ ఎప్పుడైనా చదివారా? చదవండి, కడుపు నిండిపోతుంది. ఒకరికి ప్రమోషన్. ఇంకొకరికి వీడ్కోలు. కొత్త డేటాబేస్ మీద వర్క్‌షాపు. మధ్యలో ఓ కేకు. కేకు చుట్టూ పదిమంది, పళ్లన్నీ బయటికే. ఫొటో అయ్యాక ఆ క్రీము మరకలు తుడిచినవాడేడి? వాడి వార్త ఏ పేజీలో? వాడు సిబ్బంది కాదట. కంపెనీ మనిషట! యూనిఫాం వీపు మీద కంపెనీ పేరు ఇంత లావున ఉంటుంది. వాడి పేరు మాత్రం జేబులో దాచుకున్న గల్ఫ్ నివాస కార్డు ఇఖామా మీదే.

సౌదీకే పోదాం పదండి. మనవాళ్లు పోయేదీ అక్కడికేగా.

జెద్దాకు ఉత్తరాన 80 కిలోమీటర్ల దూరంలో, ఎర్ర సముద్రం ఒడ్డున తువల్ ఉంది. 2009 సెప్టెంబరు 23న అక్కడ రాజు అబ్దుల్లా తన పేరిట సైన్స్, టెక్నాలజీ విశ్వవిద్యాలయం తెరిచాడు. దాని లైబ్రరీ చూసి తీరాలి. గోడల చుట్టూ వెలుతురు పారే పల్చని రాతి పలకలు. చీకటి పడితే భవనమంతా లాంతరే. డిజైన్ హెచ్ఓకే సంస్థది. 2011లో అమెరికా ఆర్కిటెక్టుల సంఘం, గ్రంథాలయాల సంఘం కలిసి అవార్డు కూడా ఇచ్చాయి. భేష్! మరి ఆ క్యాంపస్ కట్టిందెవరు? ప్రధాన కాంట్రాక్టరు సౌదీ ఓజర్. లెబనాన్ ప్రధానులుగా చేసిన హరీరీల కుటుంబ కంపెనీ.

ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? కరీంనగర్‌లోనో, నిజామాబాద్‌లోనో అడగండి. వాళ్లకు బాగా గుర్తు.

2014లో చమురు ధర పడింది. సౌదీ సర్కారు కాంట్రాక్టర్ల బిల్లులు ఆపింది. కాంట్రాక్టరు కూలీల జీతాలు ఆపాడు. కూలీ ఏం ఆపాలి? ఇంటికి పంపే డబ్బు ఆపాడు. ఏజెంటు కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం ఆగలేదు. దానికి చమురుతో పనిలేదు కదా!

2016 వేసవికి జెద్దా పక్కన షుమైసీ క్యాంపులో మెస్సు మూతపడింది. నెలల తరబడి జీతం లేదు. ఇఖామా రెన్యువల్ కాదు. అది లేకపోతే ఆస్పత్రి గుమ్మం తొక్కనివ్వరు. పోనీ ఇంటికి పోదామంటే దేశం దాటనిచ్చే ఖురుజ్ వీసా కావాలి. దానికి కంపెనీ సంతకం కావాలి. ఆ సంతకం పెట్టే ముదీర్, అదే మేనేజరు, కుర్చీలో ఉంటేగా! జులై చివర అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ట్వీట్ పెడితే గానీ ఢిల్లీకి ఆకలి వినబడలేదు. సౌదీలో పదివేల మందికి పైగా భారతీయులు తిండికి అల్లాడుతున్నారని ఆమే చెప్పారు. జెద్దా కాన్సులేటూ, అక్కడి మనవాళ్లూ కలిసి బియ్యం, పప్పులు, గుడ్లు మోశారు.

లైబ్రరీకి రాయి ఎత్తినవాడూ, క్యాంపులో గుడ్డు కోసం లైన్లో నిలబడ్డవాడూ ఒకడేనా అని అడక్కండి. కంపెనీ ఒకటే. అవార్డు పత్రంలో ఆ క్యూ ఉంటుందా?

వేగం చేతకాని రాజ్యమా అంటే, అదీ కాదు. ఆ క్యాంపస్‌లో ఆడా మగా కలిసి చదవడమేమిటని షేక్ సాద్ అల్ షత్రీ టీవీలో పెదవి విరిచాడు. మతపెద్దల అత్యున్నత మండలి సభ్యుడాయన, ఆషామాషీ మనిషి కాదు. విశ్వవిద్యాలయం తెరిచి రెండు వారాలైనా కాకముందే పదవి ఊడింది. రాజుగారి ముచ్చట మీద ఒక్క మాట అన్నందుకు రోజుల్లో తీర్పు. జీతం ఎగ్గొట్టినందుకు? 2017 జులై చివర్న ఓజర్ తాళం వేసుకుని చక్కా పోయింది. అంతే సంగతులు!

తర్వాత సంస్కరణలొచ్చాయి. 2021 మార్చి నుంచి కఫీల్, అదే వీసా ఇచ్చిన యజమాని, దయ లేకుండానే కంపెనీ మారొచ్చు, దేశం దాటొచ్చు. చప్పట్లు! ఆగండి. ఇంటి డ్రైవరుకు లేదు. ఇంటిపని చేసే ఖద్దామాకు లేదు. ఎడారిలో గొర్రెలు కాసేవాడికి లేదు. కడప నుంచీ కోనసీమ నుంచీ వెళ్లే ఆడవాళ్లు చేసే పనేమిటో తెలుసుగా? సంస్కరణ వాళ్ల గడప దాకా వచ్చి చెప్పులు విప్పడం మరిచిపోయినట్టుంది.

మన ఏలినవారేం తక్కువ తిన్నారా? గల్ఫ్‌లో చనిపోతే 5 లక్షలు ఇస్తామని 2024లో తెలంగాణ సర్కారు జీవో తెచ్చింది. మంచిదే, కాదనం. బతికుండి జీతం అడిగేవాడికి ఏ జీవో? ఇక మన వర్సిటీ లైబ్రరీలకు వెళ్లండి. బీరువాల దుమ్ము దులిపేవాడు అవుట్‌సోర్సింగ్. పుస్తకం తెచ్చిచ్చేవాడూ అవుట్‌సోర్సింగే. జీతం ఎప్పుడొస్తుందన్నా అంటే ఏజెన్సీని అడగమంటారు. ఏజెన్సీ బిల్లు రాలేదంటుంది. సౌదీ పోకుండానే సౌదీ!

ఫిలిప్పీన్స్‌ను చూడండి. 2022 నవంబరులో బ్యాంకాక్‌లో వాళ్ల అధ్యక్షుడు మార్కోస్ సౌదీ యువరాజుతో కూర్చున్నాడు. ఓజర్ లాంటి మూతపడ్డ కంపెనీలు ఎగ్గొట్టిన జీతాల కోసం 200 కోట్ల రియాళ్లు పక్కన పెడతామన్న మాట రాబట్టాడు. 2024లో చెక్కులు రావడం మొదలైంది.

మనవాళ్లకు 2016లో ఏం చెప్పారు? క్లెయిమ్ కాగితం నింపండి, ఉచితంగా ఇంటికి తెస్తాం, సౌదీ సర్కారు కంపెనీతో లెక్క తేల్చుకున్నాక మీ బాకీ మీకొస్తుంది అన్నారు. నింపారు. వచ్చారు. అయ్యా, ఆ కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయి? కాల్ నంబరు వేశారా? పోనీ, అడిగినవాడికి ఇష్యూ చేస్తారా, లేక అవి ‘రిఫరెన్స్ ఓన్లీ’నా?