కడుపునొప్పి కాలం వాళ్ళం

పార్కులో మా ముసలి బ్యాచి కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు మొదలెడతారు: "మన రోజుల్లో ఈ డిప్రెషన్లూ గిప్రెషన్లూ ఉన్నాయటండీ?" ఉన్నాయి బాబూ, బ్రహ్మాండంగా ఉన్నాయి. పేర్లే వేరు. బాలింత నిద్రపోకుండా, బిడ్డను దగ్గరికి రానీయకుండా, తనలో తాను మాట్లాడుకుంటుంటే గాలి సోకిందనేవారు. మా వీధిలోనే ఒక కోడల్ని నట్టింట కూర్చోబెట్టి వేపమండలతో బాదాడు భూతవైద్యుడు. ఆ మండలు విరిచి తెచ్చిచ్చింది ఆమె సొంత మేనత్తే. ఎవరైనా ప్రాణం తీసుకుంటే పేపర్లో "కడుపునొప్పి భరించలేక" అని పడేది. జిల్లాలో అన్ని కడుపునొప్పులు ఎక్కణ్ణుంచి వచ్చేవో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. బతికి బయటపడ్డవాడి మీద పోలీసు కేసు ఉండేది మరి, అబద్ధమాడక ఏం చేస్తారు!

మా ఉత్తరాంధ్రలో ఎవడైనా కాస్త తిక్కగా మాట్లాడితే "వీణ్ణి చినవాల్తేరు బస్సెక్కించాలి" అనేవాళ్ళం. మా పిచ్చాసుపత్రి అక్కడే. హైదరాబాదు వాళ్ళకి ఎర్రగడ్డ. అన్నని అక్కడ చూపించారని తెలిస్తే చెల్లెలికి కుదిరిన సంబంధం తప్పిపోయేది. అంత దూరమెందుకు, 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గర నయమవుతుందని వదిలి వచ్చిన రోగుల పాకకి నిప్పంటుకుంటే, కాళ్ళకి గొలుసులుండి కదల్లేక 28 మంది కాలిపోయారు.

అందుకని మా రోజులు బంగారమని నేననను. అలాగని ఇప్పటివాళ్ళని ఊరికే వదలను.

2017లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది. వైద్యం హక్కు అంది. ప్రాణం తీసుకోబోయి బతికినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనుకోవాలే తప్ప శిక్షించకూడదంది. 2022 అక్టోబరు 10న టెలిమానస్ పెట్టారు. 14416కి ఫోన్ చేస్తే అర్ధరాత్రయినా పలుకుతారు, తెలుగులోనే, పైసా తీసుకోకుండా. బాగుంది. మరి ఇంట్లో వాళ్ళకేమైంది? మా మనవడు రాత్రి ఒంటిగంటన్నరకి దుప్పట్లో ఫోన్ వెలిగించుకుని ఉంటాడు, తెల్లారి ఆరింటికి కోచింగు. కళ్ళు ఎర్రగా చేసుకుని "స్ట్రెస్ తాతా" అంటాడు. వాళ్ళమ్మ వాడికి ధ్యానం నేర్పించే యాప్ కొనిపెట్టింది. అదీ ఆ ఫోన్లోనే!

మా ఇళ్ళకి అరుగులుండేవి. సాయంత్రం ఆడవాళ్ళు చేటల్లో బియ్యం పోసుకుని రాళ్ళేరేవారు, మగాళ్ళు చుట్ట ముట్టించేవారు. అప్పులవాడు వాకిట్లోకొచ్చి పోయాక ఎవడైనా దిగాలుగా అటు నడిస్తే, నాలుగడుగులు వెయ్యకముందే "ఏరా, మొహం అలా పెట్టావేం?" అని ఎవరో ఒకరు ఆపేవారు. ఆ అరుగు మీద రహస్యమనేది నిలిచేది కాదు, అదో పీడ. అయినా ఒంటరిగా కుమిలిపోవడానికి వీలుండేది కాదు. ఇప్పుడు మా అపార్టుమెంటులో మూడో అంతస్తు కుర్రాడు ఉద్యోగం పోయినా నెలల తరబడి టైకట్టుకుని, క్యారేజీ పట్టుకుని రోజూ బయల్దేరేవాడు. రోజంతా చెరువుగట్టున కూర్చుని సాయంత్రం తిరిగొచ్చేవాడు. లిఫ్టులో అందరం గుడ్ మార్నింగ్ చెప్పాం.

మనసు పాడవడానికి కారణం ఒకటే ఉండదంటారు డాక్టర్లు. వంశంలో ఉండొచ్చు, థైరాయిడ్ తగ్గొచ్చు, అప్పు, తాగుడు, నిద్ర లేకపోవడం, పలకరించే దిక్కు లేకపోవడం, ఏవైనా కలిసి రావచ్చు. థైరాయిడ్‌కి మాత్ర ఉంది. పలకరింపు సంగతి కాస్త చూద్దామని, కింద రెండు సిమెంటు బల్లలు వేయించమని అసోసియేషన్‌ని అడిగాను. ఒక కారు పార్కింగ్ పోతుందన్నారు. పోనీ స్కూటరు పట్టేంత చోటివ్వండన్నాను. సెక్రటరీ నవ్వాడు గానీ పుస్తకంలో రాసుకోలేదు. వచ్చే మీటింగులో మళ్ళీ అడుగుతా. కాదన్నారా, ఇంట్లోంచి మడతకుర్చీ తెచ్చుకుని సరిగ్గా ఆయన కారు పెట్టుకునే గీతల మధ్యే వేసుకుని కూర్చుంటా.